పర్వతాలు తాత దించిన పైపు

మా తాత పర్వతాలు నార్కట్‌పల్లిలో రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. చదివింది మూడో తరగతి. ఏడో తరగతిలో బడికీ నాకూ చెడింది కాబట్టి ఇంట్లో పెద్ద చదువరిని నేనే. ఆ మాట ఆయన ఒప్పుకునేవాడు కాదు.

యాంటెన్నా ఎంత ఎత్తుంటే అంత గొప్ప అని తాత నమ్మకం. ఊరిదీ అదే. పక్కింటిదానికంటే మూరెడు పైన లేకపోతే పరువు పోయినట్టే.

తొంభై నాలుగులో ఊరవతల రాళ్ల క్వారీకి వైర్‌లెస్ సెట్లు వచ్చాయి. గుంతలో ఒకటి, రోడ్డు మీద ఒకటి, పక్కనే కంకర మిషను దగ్గర ఒకటి. మధ్యలో స్టేషనేమీ లేదు, సెట్టుకు సెట్టు నేరుగా మాట్లాడుకోవడమే. బండ్లు ఆపి రోడ్డు మీది సోమన్న, దారి ఖాళీ అని "సాఫ్" అంటే, గుంతలో ఖుద్దూస్ మందు పేల్చాలి. తాత మూడుచోట్లా తాటిచెట్లంత పైపులు నిలబెట్టి, నాలుగు దిక్కుల మాటా అందుకునే నిలువు యాంటెన్నాలు బిగించి మీసం దువ్వుకున్నాడు.

వారం తిరగకముందే ఖుద్దూస్ "సాఫ్" విని వైరు కలపబోయాడు. తలెత్తితే రోడ్డు మీద బడిపిల్లల ఆటో. ఆ "సాఫ్" గుట్ట అవతలి క్వారీవాళ్లది. ఇద్దరికీ దొరికింది ఒకే చానెల్, మార్చుకునే వీల్లేదు.

ఖుద్దూస్ నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"చాచా, జెండాలే ఊపుకుందుమంటే దుమ్ముల కనబడక నిరుడు మా క్వారీ కూలి ఐలేశం కాలు పోయింది. నీ సెట్లతోని పానాలే పోయేటట్టున్నయి."

తాత మా కప్పు మీది టీవీ యాంటెన్నా వైపు చూస్తూ కూర్చున్నాడు.

"గది హైదరాబాద్ దిక్కే చూస్తది కాబట్టి హైదరాబాదే వస్తాంది తాతా," అన్నాను. ఆలోచన నాదేనని నా వాదన. అప్పటికే తట్టిందని ఆయన వాదన.

మర్నాడు అల్యూమినియం గొట్టాలు కోసి, చేపముల్లు లాంటి యాంటెన్నాలు చేశాడు. పైపులు దించి, వాటిని మనిషెత్తు గుంజలకు కట్టాడు. గుంతలోదాని మూతి రోడ్డు వైపు, వీపు అవతలి క్వారీ వైపు. రోడ్డు మీదిదీ, మిషను దగ్గరిదీ గుంతనే చూశాయి. అంత కిందికి దిగాక గుట్ట కూడా అడ్డం నిలిచింది. పైపులు దించేటప్పుడు ఆయన మొహం చూడాలి, మీసం గీయించుకున్నంత బాధ.

వైరు కలపకుండా ముందు పరీక్ష పెట్టాడు. అవతలివాళ్లను ఆపకుండా మాట్లాడమని మనిషిని పంపించాడు. గుంతలో వాళ్ల గొంతు దోమ మోతంత వినిపించింది. దాని మీదుగా సోమన్న మాట గంటకొట్టినట్టు వచ్చింది: "జర ఆగుండ్రి, బస్సు పోతాంది."

ఖుద్దూస్ ఆగాడు. బస్సు పోయింది. సోమన్న "సాఫ్" అన్నాడు.

"ఇగ కలుపు," అన్నాడు తాత.

గుట్ట దద్దరిల్లింది. రోడ్డు మీద పురుగు కూడా లేదు.

పైపుల్లో ఒకటి తాత ఇంటికి మోసుకొచ్చాడు. అవ్వ దాన్ని అడ్డంగా కట్టి చీరలు ఆరేసింది. నేను నవ్వాను.

"నవ్వకు," అన్నాడు తాత. "జిల్లాల గింత పొడుగు దండెం ఎవలకున్నదో చెప్పు."