అరచేయి అడ్డం పెట్టిన తాత

మా పక్కింటి ఆపరేటర్ తాత పోయారని శుక్రవారం పొద్దున అమ్మ ఫోన్ చేసింది. నేను నెల్లూరు నుంచి సూళ్లూరుపేట చేరేసరికి పాడె వెళ్లిపోయింది. వాకిట్లో బెంచీ మీద ఇద్దరు టీ తాగుతున్నారు.

"చెయ్యడ్డం తాత పోయినాడు. ఇంక ఆ బొమ్మ పూర్తిగా చూడొచ్చురా," అన్నాడొకాయన. రెండో ఆయన నవ్వాడు.

ఆ పేరు వెనక కథ మా వీధిలో అందరికీ తెలుసు. నేను పుట్టకముందు తాత మా ఊరి హాల్లో ప్రొజెక్టర్ నడిపేవారు. ఇప్పటికీ జనం గొప్పగా చెప్పుకునే ఒక థ్రిల్లర్ అప్పట్లో అక్కడ ఆడింది. అందులో ఒక అమ్మాయి హత్య ఉంది. రెండో ఆట నుంచి ఆ ఘట్టం రాగానే తాత సౌండు తగ్గించి, లెన్సుకు అరచేయి అడ్డం పెట్టేవారు. జనం బూతులు తిట్టారు, కుర్చీలు విరగ్గొట్టారు. మూడో రోజు ఓనరు ఆయన్ని పంపేశాడు. ఆ తర్వాత బతుకంతా ఫ్యాన్లు బాగుచేశారు.

మా ఇంట్లో ఎవరికీ అక్షరం రాదు. తాత గోడకు అంటించిన పాత పోస్టర్ల మీదే నేను అ ఆలు దిద్దాను. గ్రీజు అంటుకోకూడదని, కొబ్బరిపీచుతో చేతులు రుద్ది కడుక్కున్నాకే ఆయన నా పుస్తకం ముట్టుకునేవారు.

"చెయ్యెందుకు పెట్టినావు తాతా?" అని ఒకసారి అడిగాను.

"మొదటాటలో ఆ పిల్ల గొంతు పిసకతా ఉంటే హాలంతా ఈలలేసినారమ్మా. ఆడోళ్ల బెంచీల్లో ఒకామె కూతురి కళ్లు మూసి, వాకిలి ఏడుండాదో తెలీక తడుముకుంటా పోయింది. పై గదిలోంచి చూస్తానే ఉండా. బొమ్మేసింది నేనే గదా." నా పుస్తకం నా చేతికిచ్చి అన్నారు: "నువ్వు అన్నీ చదువు. దాన్ని మాత్రం చూడబాక."

చూడలేదు. అయితే కాలేజీలో స్నేహితులు ఆ సినిమాను పొగిడినప్పుడల్లా తాత కథ చెప్పి నవ్వించేదాన్ని. నేనూ నవ్వేదాన్ని. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు, ఇప్పుడు చెప్పడానికి ఆయన లేరు.

తాత పోయిన తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మా ఆఫీసువాళ్లు మీటింగ్ హాల్లో అదే సినిమా వేశారు. ఇంతకుముందు ఎవరు పిలిచినా తప్పించుకున్నాను. ఈసారి వెళ్లాను. ఆయన వెర్రివాడో, నేను వెర్రిదాన్నో తేల్చుకోవాలనిపించింది.

ఆ ఘట్టం వచ్చింది. కెమెరా హంతకుడి వైపు చూడదు. ఆమె మెడను చూస్తుంది, జారిన పైటను చూస్తుంది, నేలకు కొట్టుకుంటున్న పాదాలను చూస్తుంది. ఆమె ఊపిరి ఆగేకొద్దీ సంగీతం హుషారెక్కుతుంది. అంత శ్రద్ధగా, అంత అందంగా తీశారు. ఆ అమ్మాయికి సినిమాలో పేరు కూడా లేదు.

"ఇదీ షాటంటే," అన్నాడు వెనకాయన. ఎవరో సన్నగా ఈల వేశారు. ఆ ఈల మీద అసహ్యం వేసింది. కాలేజీలో నేను నవ్విన నవ్వు గుర్తొచ్చి నా మీద ఇంకా ఎక్కువ వేసింది.

లేచి ప్రొజెక్టర్ పెట్టిన బల్ల దగ్గరికి వెళ్లాను.

"ఎవరమ్మా అది? చెయ్యి తియ్యి."

గోడ చీకటైంది. నా వేళ్ల అంచులు ఎర్రగా వెలిగాయి. లెన్సు ముందు అరచేయి ఇంత వెచ్చగా అవుతుందని తాత నాకెప్పుడూ చెప్పలేదు.