ఆడకుండానే రన్నరప్

రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూన్ నెలలో, మా ప్రిన్సిపాల్ నన్ను డిగ్రీ అడ్మిషన్ల హెల్ప్ డెస్క్‌లో కూర్చోబెట్టారు. నేను నారాయణగూడలోని ఒక మహిళా డిగ్రీ కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్‌ని. అందరూ పీడీ అంటారు. పేరులో డైరెక్టర్ ఉంటుంది గానీ చేతికింద ఒక్క అటెండర్ దొరికితే గొప్ప. హెల్ప్ డెస్క్‌లో నా పని స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్లు చూడటం. ఏ స్థాయి పోటీ, ఎవరి సంతకం, ఒరిజినల్ ఉందా లేదా, అంతవరకే. ఏ కాలేజీలో చేరాలో చెప్పే బాధ్యత నాకు ఎవరూ ఇవ్వలేదు. కానీ అడిగితే నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు.

మూడో రోజు యాదగిరి గారు కూతురు అఖిలను వెంటబెట్టుకుని వచ్చారు. అశోక్ నగర్‌లో ఆయనకు జిరాక్స్ షాపు ఉంది. గ్రూప్స్‌కు చదివే పిల్లలకు నోట్సు కాపీలు తీసి స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తారు. అదే అలవాటుతో తొమ్మిది కాలేజీల ప్రాస్పెక్టస్‌లలోని ఆటల పేజీలను కాపీ తీసి, బైండింగ్ చేసి తెచ్చారు. అట్ట మీద స్కెచ్ పెన్నుతో 'అఖిల - ఫుట్‌బాల్' అని రాసి ఉంది. ఆ అమ్మాయి ఇంటర్‌లో రాష్ట్ర స్థాయిలో ఆడింది.

"జర చూడుండ్రి మేడం. తొమ్మిదింట్ల గదే ముచ్చట రాసిండ్రు, విశాలమైన మైదానం అని. ఏ కాలేజీల నిజంగ ఆడుతరు?" అన్నారు.

అంత సర్వీసులో ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు లేరు. సీటు వస్తుందా, హాజరు కలుపుతారా అనే అడిగేవారు.

తన ఇబ్బందిని ఆయన దాచుకోలేదు. ఆట చాలు, కోచింగ్‌లో వేయమని ఇంట్లో ఒకటే పోరు. కూతురి కోసం ఆయన బతిమాలి ఒక్క ఏడాది గడువు తీసుకున్నారు. ఆ ఏడాదిలో యూనివర్సిటీ జట్టు సెలక్షన్స్ దాకా వెళ్తే ఆట సాగుతుంది, లేకపోతే బూట్లు అటక మీదికి పోతాయి. సెలక్షన్స్‌కు పిలిచేది ఇంటర్ కాలేజీ టోర్నమెంటులో ఆడినవాళ్లనే. అంటే జట్టు లేని కాలేజీలో చేరితే అక్కడితో సరి. ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టడానికి మూడు రోజులే ఉన్నాయి.

ఆ బైండింగ్ పుస్తకం తిరగేస్తుంటే నాకే అయోమయంగా అనిపించింది. ఒక కాలేజీకి గ్రౌండ్ పెద్దదే, కానీ సగంలో బస్సులు నిలబెడతారు. ఇంకోచోట కోచ్ మంచివాడు, గ్రౌండే లేదు. మరోచోట గోల్‌పోస్టులు ఉన్నాయి, వాటికి కట్టిన తాళ్ల మీద హాస్టల్ పిల్లలు బట్టలు ఆరేస్తారు. ఏది చెప్పబోయినా ఏదో ఒకటి అడ్డం వచ్చింది.

చివరికి బీరువాలోంచి టోర్నమెంటు ఫలితాల ఫైలు తీశాను. మా జోన్‌లో మహిళల ఫుట్‌బాల్‌కు వరసగా నాలుగేళ్లు మొదటి స్థానం ఒకే కాలేజీది. దాని పీడీ సుధాకర్ సార్ నాకు పాత పరిచయం. రెండో స్థానం మా కాలేజీదే. చేతిలో కాగితం ఉన్నాక ఇంకేం కావాలి అనుకుని, మొదటి ఆప్షన్ సుధాకర్ సార్ కాలేజీనే పెట్టమన్నాను. యాదగిరి గారు మాత్రం ఒక్కసారి కళ్లతో చూసొద్దామన్నారు.

మరునాడు ముగ్గురం వెళ్లాం. సుధాకర్ సార్ టీ తెప్పించి, అద్దాల బీరువాలోని కప్పులు చూపించారు. ప్రాక్టీసు ఎన్ని గంటలకని అఖిల అడిగింది. ఆయన నవ్వి నావైపు తిరిగారు.

"గిదేంది మేడం, మీకు తెల్వదా? ఫైనల్ మనిద్దరిదే గద. మీరెప్పుడన్న వచ్చిండ్రా?"

విషయం ఇది. కాలేజీ ఎన్ని ఆటల్లో పాల్గొందో ఏటా నివేదికలో చూపించాలి. అందుకని మాలాంటి కొందరు పీడీలం జట్టు ఉన్నా లేకపోయినా అన్ని ఆటలకూ ఎంట్రీ ఫారాలు పంపేస్తాం. మహిళల ఫుట్‌బాల్‌కు మా జోన్‌లో వచ్చేవి రెండే ఎంట్రీలు కాబట్టి నేరుగా ఫైనలే. నా దగ్గర పదకొండు మంది లేరు, నేను వెళ్లను. ఆయన దగ్గరా జట్టు లేదు, అయినా ఒక్కరే వెళ్లి, అవతలి జట్టు రాలేదని స్కోర్ షీటు మీద సంతకం పెడతారు. దీన్నే వాకోవర్ అంటారు. ఆయనకు కప్పు, నాకు ఆడకుండానే రన్నరప్ సర్టిఫికెట్. ఎక్కడా అబద్ధం రాయలేదు కాబట్టి నాకు ఎప్పుడూ తప్పనిపించలేదు. నాలుగేళ్లు ఆ కాగితాలు చూసి చూసి అవి జరిగిన మ్యాచులేనని నేనే నమ్మేశాను. ఇప్పుడు వాటినే సాక్ష్యంగా చూపించి ఒక ఆడపిల్లను అక్కడ చేర్పించబోయాను. ఆ గదిలో నాకు తల కొట్టేసినట్టయింది.

తిరిగి వస్తుంటే ఆటో చిక్కడపల్లి ట్రాఫిక్‌లో ఆగింది. మీ కాలేజీలో ఎంతమంది ఆడతారని అఖిల అడిగింది. ఫుట్‌బాల్‌కు ఎవరూ లేరని, ఖోఖోకు తొమ్మిది మంది ఉన్నారని చెప్పాను.

"అట్లయితె మీ దగ్గర్నే చేరుత మేడం. కని ఈపారి మీరు గ్రౌండ్‌కు రావాలె. ఓడినా సరే."

"టీమే లేదంటున్నరు గద బిడ్డా" అన్నారు యాదగిరి గారు.

"ఇంకేడ ఉన్నది డాడీ?"

నేను మాట ఇవ్వలేదు, ప్రయత్నిస్తానన్నాను. వేరే జోన్‌లో చేర్పించమని చెప్పి ఉండాల్సిందేమో, నాకు ఇప్పటికీ తెలియదు.

అఖిల చేరింది. తొమ్మిది మంది ఖోఖో పిల్లలు, పొడుగ్గా ఉందని గోల్‌కీపర్‌గా నిలబెట్టిన ఒక ఎన్‌సీసీ అమ్మాయి, అఖిల, మొత్తం పదకొండు మంది. గ్రౌండ్ లేక బాస్కెట్‌బాల్ కోర్టులోనే ప్రాక్టీసు. ఖోఖో పిల్లలు మెరుపులా పరిగెత్తేవారు, కానీ బంతి దగ్గరికి వెళ్లాక దాన్ని ఏం చేయాలో తోచక నిలబడిపోయేవారు. అఖిల విసుక్కోకుండా నేర్పింది. నాకు అంత ఓపిక లేదు, నేను విసుక్కున్నాను.

ఫైనల్ రోజు ఉదయం తొమ్మిదికి మా పదకొండు మంది యూనిఫాం వేసుకుని నిలబడ్డారు. కాసేపటికి సుధాకర్ సార్ స్కూటర్ మీద వచ్చారు, ఒక్కరే. ఏటా లాగే సంతకం పెట్టి పోదామని వచ్చారు. మమ్మల్ని చూసి, హెల్మెట్ కూడా తీయకుండా, "మీరొస్తరని ఎవ్వలు చెప్పలే మేడం" అన్నారు.

పదిహేను నిమిషాల్లో జట్టు రాకపోతే వాకోవర్ అన్నది నియమం. టోర్నమెంటు ఆర్గనైజింగ్ సెక్రటరీ గడియారం చూసి స్కోర్ షీటు నా ముందు పెట్టారు. షాపు మూసి వచ్చిన యాదగిరి గారు కప్పు మనదేనా అని మెల్లగా అడిగారు. అవునన్నాను. ఆయన ముఖం విప్పారింది. అంతలో ఆయన కూతురి వైపు చూశారు. అఖిల నేల మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుతోంది.

పెన్ను చేతిలోకి తీసుకున్నాను. సంతకం పెడితే కాగితం మీద ఆడినట్టే లెక్క, గెలిచిన జట్టు కెప్టెన్‌గా అఖిలకు సెలక్షన్స్ పిలుపు ఖాయం. ఆమె వచ్చిన పని అదే. పెట్టకుండా మ్యాచ్ ఆడిస్తే ఓడిపోవచ్చు. ఇద్దరు పీడీలూ ఒప్పుకుంటే మ్యాచ్‌ను వారం వాయిదా వేయొచ్చన్న నియమం గుర్తుకొచ్చింది. అఖిలను పిలిచి రెండు దారులూ చెప్పాను. "ఆడుదం మేడం" అంది. అర్జీ రాసి సుధాకర్ సార్ ముందు పెట్టాను. ఓడిపోవడం ఆయనకు సులువు, వారంలో పదకొండు మందిని పోగుచేయడమే కష్టం. అయినా సంతకం పెట్టారు.

వారం తర్వాత మ్యాచ్ జరిగింది. మూడు రెండుతో ఓడిపోయాం. రెండు గోల్సూ అఖిలవే. సెలక్షన్స్‌కు పిలిచారు, కానీ జట్టులో తీసుకోలేదు, పేరును స్టాండ్‌బైలో రాశారు. ఎవరైనా రాలేకపోతే పిలుస్తారన్నమాట.

"అంటె లోపట ఉన్నట్టా మేడం, బయట ఉన్నట్టా?" అని యాదగిరి గారు అడిగారు. ఇంట్లో ఏం చెప్పుకున్నారో ఏమో, గడువు ఇంకో ఏడాది పెరిగింది. వాకోవర్ తీసుకుని ఉంటే జట్టులో ఉండేదేమోనన్న సందేహం మాత్రం నాకు పోలేదు.

ఇప్పుడు తల్లిదండ్రులు ఎవరైనా అడిగితే నేను కాలేజీ పేరు చెప్పను. కప్పులు చూడొద్దంటాను. పోయినేడాది ఆడిన చివరి మ్యాచ్ స్కోరు ఎంతో అక్కడి పిల్లలనే అడగమంటాను. ఓడిన స్కోరు చెప్పినా ఆ కాలేజీలో చేర్పించొచ్చు. చెప్పడానికి స్కోరే లేకపోతే వెనక్కి వచ్చేయమంటాను. అలా స్కోరే లేని కాలేజీలు ఎక్కడున్నాయని అడిగితే, నాలుగేళ్లు ఆడకుండానే రన్నరప్ అయిన మా కాలేజీతోనే మొదలుపెడతాను.