సెకండ్ గేరు పడని సూరిబాబు బండి

రెండువేల పద్దెనిమిది వేసవి. కొత్తపేటలో కాలవ గట్టు మీద నా మెకానిక్ షెడ్డు. నేను చదివింది మూడో తరగతే గానీ, నా చేతిలోంచి వెళ్ళిన బండి ఏదీ మర్చిపోలేదు.

సూరిబాబు చెట్లెక్కి కొబ్బరికాయల దింపు తీసేవాడు. ఇటు వచ్చినప్పుడల్లా రెండు బొండాలు ఇచ్చి పోయేవాడు. ఆ రోజు బండి తెచ్చి, ఫస్టులోంచి సెకండుకి పోకుండా న్యూట్రల్‌లో ఆగిపోతోందన్నాడు. ఆ రకం బండికి ఫస్టు కిందికి నొక్కాలి, మిగతావి కాలివేళ్ళతో పైకి లేపాలి. మధ్యలో న్యూట్రల్. సగం లేపితే అక్కడే ఉండిపోతుంది.

క్లచ్ కేబుల్ బిగువు సరిచేశాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఇంజనాయిలు మార్చి, ఇంజను బలాన్ని గేర్లకు అందించే క్లచ్ ప్లేట్లు కొత్తవి వేశాను. నేను నడిపితే అన్నీ సాఫీగా పడ్డాయి. మూడోసారీ వచ్చేసరికి నాకు తల తీసేసినట్టయింది.

“మీరంటే భయమండీ బాబాయ్ దీనికి. నేనంటే అలుసు,” అన్నాడు నవ్వుతూ.

నువ్వే నడపమని వెనక కూర్చున్నాను. చెట్లెక్కేవాడు కదా, ఎప్పుడూ చెప్పుల్లేని కాళ్ళే. వంగి చూస్తే ఎడమపాదం గేరు లివరు కిందికి వెళుతోంది గానీ వేళ్ళు పైకి లేవడం లేదు. లివరు ఒరుసుకుని బొటనవేలి పక్క తోలు లేచి రక్తం కారుతోంది.

ఆపించాను. “నొప్పెట్టట్లేదేంట్రా?”

“ఎక్కడండీ?” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఒక తోటలో దింపుకి ఒప్పుకుని ఉన్నాడు. పాదం ఆనిందో లేదో తెలియనివాడు అంత ఎత్తు ఎక్కాలి. బండి తాళం జేబులో వేసుకుని, ఆసుపత్రిలో చూపించుకుంటేనే ఇస్తానన్నాను. బతిమాలాడు. తర్వాత మొహం ఎర్రబడింది.

“గేరు బాగుచెయ్యమంటే నా కూడు తీసేత్తారేంటండీ?”

నేనే అమలాపురం తీసుకెళ్ళాను. ఎన్నాళ్ళుగానో ఉన్న షుగరు నరాలను తినేసిందన్నారు. గాయం మానినా ఇక చెట్టెక్కకూడదన్నారు. లివరుకి వెనక ఇంకో కొస వెల్డింగు చేయించి, మడమతో నొక్కితే గేరు పడేలా చేసి ఇచ్చాను. బండి తీసుకున్నాడు గానీ ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు.

అప్పటినుంచి గేరు పడటం లేదని ఎవరొచ్చినా, పానా పట్టకముందు వెనక కూర్చుని వాళ్ళ కాళ్ళు చూస్తాను.

సూరిబాబు ఇప్పుడు కాయలు వలుస్తున్నాడు. మొన్న బండికి ఆయిలు మార్పించుకుంటూ, ఎదురుగా ఉన్న తోట కేసి చాలాసేపు చూశాడు.

“ఆ పైనుంచి గోదారి కనపడేదండీ బాబాయ్,” అన్నాడు.

నేను ఒక్కసారీ చెట్టెక్కి చూసినవాణ్ణి కాదు. ఎలా ఉండేదో చెప్పమని స్టూలు జరిపాను.