మందినెక్కించుకునే ఓడ

పెత్రమాస నాడు మా ఇంట్లో పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం. మా అమ్మను కన్న తండ్రి పేరు మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఆయన పోయాడని ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు మరి.

తాతది నర్సింహులపేట పక్క పల్లె. బతుకుదెరువుకు బొంబాయి పోయి, దేశదేశాలకు ప్రయాణికులను తీసుకుపోయే పెద్ద ఓడలో వంటపనికి కుదిరాడు. అమ్మ చంటిపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి ఇంటికొచ్చి, ఆ ఓడ పేరూ దాని గొప్పలూ చెప్పి వెళ్లాడట. తర్వాత పెద్ద యుద్ధం. కొన్నాళ్లకు, బొంబాయిలో ఆయనతో కలిసి ఉన్న రఘునాథపల్లి మనిషి అమ్మమ్మ దగ్గరికి వచ్చాడు. ఓడ పేరు చెప్పి, "యుద్ధపు ఓడ చెల్లె, దెబ్బ తగిలి మునిగింది. నీ పెనిమిటి అండ్లనే ఉన్నడు" అన్నాడు.

"మా ఆయనది మందినెక్కించుకునే ఓడ. యుద్ధపు ఓడ గాదు. ఒక్క పేరు ఇద్దరు మనుషులకు ఉంటలేదా? ఓడలకూ ఉంటది" అని అమ్మమ్మ ఆయనకు మజ్జిగ తాగించి పంపింది. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. పెళ్లిళ్లలో ముత్తయిదువగా పసుపు దంచింది. ముత్తయిదువగానే పోయింది.

ఆ నమ్మకమే అమ్మకూ వచ్చింది. బడి ముఖం చూడని నాకు ఇంట్లోనే చదువు చెప్పిన అమ్మ ఆమె. అలాంటి తల్లినిచ్చినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. ఆమె మాట కాదనాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఈ యేడు పెత్రమాస ముందురోజు మా తమ్ముడు భూపాలపల్లి నుంచి మరిపెడలోని మా ఇంటికి వచ్చాడు. ఓడ పేరు కొట్టి వెతికానని ఫోన్ అమ్మ ముందు పెట్టాడు.

"బొగ్గుబాయిల పని లేదారా నీకు, గిసుంటియి ఎతుకుతున్నవ్" అంటూనే అమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది.

మొదటి బొమ్మలో తెల్లటి ఓడ. పైన కుర్చీలు, టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు. రెండో బొమ్మలో అదే ఓడ, అవే పొగగొట్టాలు. ఒళ్లంతా బూడిద రంగు. కుర్చీలున్నచోట ఫిరంగులు.

"గిది గూడ గా ఓడేనా?"

"గదే అమ్మా. యుద్ధమొచ్చిందని సర్కారు తీస్కున్నది. కుర్చీలు పీకి తోపులు పెట్టిండ్రు. వంటోళ్లను ఉంచుకున్నరు."

"మందినెక్కించుకునే ఓడ తోపుల దెబ్బకు ఆగుతదారా?"

"ఆగలే అమ్మా."

అమ్మ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. "మరి మా అవ్వ బొట్టు? గన్నేండ్లు పెట్టుకున్నది తప్పయితదా బిడ్డా?"

"ఎదురుచూసుకుంట పెట్టుకున్నదమ్మా. తప్పెట్లయితది" అన్నాను. అది సరైన జవాబో కాదో దేవుడికే తెలియాలి.

చావు కబురు ఎంత ఆలస్యంగా చెవిన పడ్డా, విన్నవాళ్లు తలమీద నీళ్లు పోసుకోవాలి. మాలో అది ఆచారం.

"బకెట్ల నీళ్లు పట్టు. కాగబెట్టకు" అంది అమ్మ.

నేనే చెంబుతో పోశాను. ఎనభై దాటిన ఒళ్లు చన్నీళ్లకు వణికింది. ఆ నీళ్ల కిందనే ఏడ్చింది. తల తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"రేపు బాపుకు గూడ బియ్యం కట్టు బిడ్డా. జర ఎక్కువ కట్టు. ఓడ నిండ మందికి వండి పెట్టిండు. మనం ఇన్నేండ్లు ఒక్క మెతుకు పెట్టలే."