చిట్టెమ్మ కుడిచెయ్యి

బందరు చేపల మార్కెట్లో చిట్టెమ్మ నోటికి ఎంత పేరుందో, ఆమె కుడిచేతికి అంతకు రెట్టింపు పేరుండేది. రొయ్యల తలలు తీస్తూ, పోగులు పెడుతూ, బేరం నచ్చకపోతే పొమ్మని విసురుతూ ఆ చెయ్యి ఒక్కక్షణం ఊరుకునేది కాదు. అలాంటిది పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో పక్షవాతం వచ్చి ఒళ్లో పడిపోయింది. కాలు త్వరగానే కోలుకుంది. చెయ్యి మాత్రం మొండికేసింది.

ఆసుపత్రిలో వ్యాయామం చేయించే సునీత రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంది. "బంతులాడుకోడానికి నేనేమన్నా చంటిపిల్లనా అమ్మాయ్?" అని చిట్టెమ్మ దాన్ని మంచం కిందకి దొర్లించేసింది. కోడలు ప్రసన్నలక్ష్మేమో అత్త మీద ప్రేమకొద్దీ అన్నం కలిపి తినిపించేది, తల దువ్వేది. అది విని సునీతకి ఒళ్లు మండింది.

"అన్నీ మీరే చేసేస్తే ఆ చెయ్యి ఎందుకు లేస్తుందండీ? మంచిచేతిని కాసేపు కట్టేసి దీంతోనే చేయించండి!"

అదేదో మార్కెట్లోనే చేస్తానంది చిట్టెమ్మ. ఇంట్లో కూర్చుంటే తన చోటూ తన బేరాలూ ఇక తిరిగి రావని ఆమె భయం. ఎడమచేతిని తువ్వాలుతో నడుముకి కట్టించుకుని, తన చోట అమ్మకం చూస్తున్న కోడలి పక్కన కూర్చుని, కుడిచేత్తో రొయ్యల్ని పోగులోకి నెట్టడం మొదలుపెట్టింది. జారిపోతే తిట్టుకుంటూ మళ్లీ నెట్టేది. కొన్నాళ్లకి వేళ్లు ముడవటం వచ్చింది గానీ చెయ్యి పైకి లేవలేదు.

ఒకరోజు చలపతిరావు గారొచ్చారు. రిటైరైన గుమాస్తా. కొసరు లేకుండా ఏనాడూ కొనని మనిషి. ఆ రోజు మాత్రం చిట్టెమ్మని చూసి జాలిపడి, చెప్పిన ధరకే తలూపి సంచి చాపారు. పక్షవాతం వచ్చినప్పుడు కూడా చిట్టెమ్మకి అంత బాధ కలగలేదు.

"బేరమాడకుండా కొంటారేంటండీ? నేనింకా చావలేదు!"

ఆయన తేరుకున్నారు. "అయితే కొసరెయ్యి," అంటూ వంగి, పక్క పోగులోంచి పెద్ద రొయ్య తీసుకోబోయారు. చిట్టెమ్మ కుడిచెయ్యి విసురుగా లేచి ఆయన మణికట్టు పట్టేసింది.

మార్కెట్టంతా ఈలలు. చలపతిరావు గారూ నవ్వేశారు. "సర్లే, వద్దులే. వదులు."

"పట్టుకోటం వచ్చిందండీ. వదలటం ఇంకా రాలేదు," అంది చిట్టెమ్మ బిక్కమొహం వేసి.

ప్రసన్నలక్ష్మి వేళ్లు విడదీయబోయింది. "నువ్వు ముట్టుకోకు!" అని కసిరింది అత్త. చలపతిరావు గారు పంచె తడుస్తున్నా అక్కడే గొంతుక్కూర్చున్నారు. చిట్టెమ్మ పళ్లు బిగించి ఒక్కో వేలూ తెరుస్తుంటే కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా రాలాయి. చిటికెనవేలు కూడా విడిపోయింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఏదీ, ఇంకోసారి పట్టుకో చూద్దాం," అన్నారు.