ఇరవై తొమ్మిది కణాలు

నేను బడికి వెళ్లింది తక్కువ. క్వాంటం కేయాస్, అంటే అణువుల లోకంలోని గందరగోళం, పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నదే. ఒకదానితో ఒకటి చిక్కుపడ్డ ముప్పై కణాలు ఆ గందరగోళంలో ఏమవుతాయో చూడాలని నా పంతం. ఇంట్లో కంప్యూటర్ ఇరవై ఎనిమిది దాటనని మొరాయించింది. నరసరావుపేటలో ఒక కంప్యూటర్ షాపులో మెమరీ రెట్టింపు చేయించాను. పెరిగింది ఒకే ఒక్క కణం!

ఆ షాపు మీదికి పోట్లాటకు వెళ్లాను.

"బస్తాలో గుప్పెడు మిరపకాయలు చూస్తే సరుకంతా తెలుసుద్ది గదా తాతా? అట్టా కొన్ని కణాలే చూడరాదా?" అన్నాడు షాపతను.

"ఒరేయ్, ఇక్కడ ఏ కాయా విడిగా ఉండదురా. ఒకటి చేరిందంటే మొత్తం లెక్క రెట్టింపు!"

"ఇంకా ఎన్ని కావాల?"

"ఒకటి."

"ఒక్కదానికా ఇంత గోల!"

ఒళ్లు మండింది. ఆ ఒక్కదానికి మెమరీ మళ్లీ రెట్టింపు కావాలి. నా కంప్యూటర్లో ఇక చోటు లేదు. ఇరవై తొమ్మిదితోనే తిరిగొచ్చాను.