కెమెరాకు పెట్టిన బొట్టు

ఒక్క చిటికెడు కుంకుమతో సొంత బామ్మర్దిని దొంగను చేసిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదుగో, నేనున్నాను. తీరిగ్గా చదవండి, తొందరేం లేదు. పోవలసిన పరువు ఎప్పుడో పోయింది.

మాది అల్లూరు దగ్గర. రొయ్యల గుంటల సామానంతా ఇంటి పెరట్లోనే పడి ఉంటుంది కాబట్టి కొన్నేళ్ళ కిందట కెమెరాలు పెట్టించాను. బిగించింది మస్తాన్. మా వైపు మోటార్లు బాగుచేసేదీ అతనే.

"రికార్డింగు యాడ పెట్టమంటావన్నా? క్లౌడ్‌లోనా, పెట్టెలోనా?" అని అడిగాడు.

క్లౌడ్ అంటే బొమ్మల్ని ఇంటర్నెట్‌లో ఎక్కడో దాస్తారట, నెలనెలా అద్దె కట్టాలట. పెట్టె అయితే మన ఇంట్లోనే ఉంటుంది, అద్దె లేదు. కాకపోతే నిండిపోయాక పాతది చెరిపేసుకుని కొత్తది ఎక్కించుకుంటుంది. కోట ఊరి నుంచి వచ్చిన మా బామ్మర్ది రమేష్ ఆ రోజు అక్కడే ఉన్నాడు.

"క్లౌడే పెట్టించు బావా. దొంగోడు పెట్టెను గూడా ఎత్తుకపోతే ఏం జేస్తావు?"

"మనింటి బాగోతం మనింట్లోనే ఉండాల. మీ అక్క గరిటె తీసుకోని నన్ను తరిమేది గూడా ఆకాశానికెక్కిస్తావా?"

నా మాటే నెగ్గింది. పెట్టె బీరువా మీదికెక్కింది. దాన్ని చూసుకుని నేను మీసం మీద చెయ్యేసుకున్నాను.

దసరా వచ్చింది. రమేష్ కూడా పండక్కి వచ్చాడు. ఆయుధపూజ రోజు మోటార్లు, బండి, కాటా, పార అన్నీ కడిగి గంధం పూసి బొట్లు పెట్టాను. ఇంటిని కాసే కెమెరాల్ని మరిస్తే ఎలా? స్టూలెక్కాను. బండికి హెడ్‌లైటు మీద పెడతాం, మనిషికి నొసట పెడతాం. కెమెరాకు నొసలెక్కడుంటుందో ఎవరైనా చెప్పారా? మధ్యలో గుండ్రంగా, నల్లగా, బొట్టు కోసమే చేసినట్టున్న చోటొకటి కనిపించింది. గంధం దట్టంగా మెత్తి కుంకుమ అద్దాను.

కింద స్టూలు పట్టుకున్న మా ఆవిడ సుజాతకు అనుమానం వచ్చింది. "అద్దం మీద పెడితే దానికేం కనపడతాది?"

"దేవుడికి పెడతన్నాం గదా, ఆయనకి కనపడటంలా?"

అప్పుడే మస్తాన్ ఫోన్ చేశాడు, గరగరమంటున్న ఏరియేటర్ మోటారు గురించి. గుంటలో నీళ్ళు చిలికే యంత్రానిదది. "ఈరోజు ఆయుధాలు కదలకూడదు, రేపు చూడు" అని పెట్టేశాను. పెట్టేసి మరిచిపోయాను. బొట్లు మాత్రం అలాగే ఉన్నాయి. పూజ బొట్టు తుడవకూడదు, దానంతటది రాలాలి. నేను మెత్తింది రాలే రకం కాదు.

మర్నాడు పొద్దున రమేష్ తన వ్యాన్‌లో కోటకు బయలుదేరాడు. మేం నెల్లూరు వెళ్ళి వచ్చేసరికి పెరట్లో ఆ మోటారు లేదు. వారం కిందట రమేష్ అదే మోటారు అడిగితే నేను ఇవ్వనన్నాను. ఇంకేముంది, గుమ్మడికాయల దొంగ ఎవరంటే నేనే వెళ్ళి ఇంకొకడి భుజాలు తడిమాను.

"మోటారు కావాలంటే ఇంకోసారి అడగొచ్చు గదా, చెప్పకుండా ఎత్తుకపోవాల్నా?" అన్నాను ఫోన్‌లో.

అప్పుడే ఇల్లు చేరినవాడు వ్యాన్ తిప్పుకుని వచ్చేశాడు. "నేను దొంగనా బావా? పెట్టు నీ పెట్టె. అందులో నేనుంటే సరే. లేకుంటే ఈ జన్మలో నీ గడప తొక్కను."

"వాడు తొక్కని గడప నేనూ తొక్కను" అంది సుజాత. ఉన్న ఒక్క తమ్ముడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకు కొంచెం భయం వేసింది, కానీ పెట్టె మీద నమ్మకం అంతకన్నా ఎక్కువ.

టీవీకి తగిలించాను. తెర నిండా ఎర్రగా, మసగ్గా ఒక పెద్ద బొట్టు. ఇంకో కెమెరాలోనూ బొట్టే. మూడోదాంట్లో మాత్రం బొట్టు వారగా ఒక మోచెయ్యి అటూ ఇటూ ఊగుతోంది.

"అదో, నీ మోచెయ్యే" అన్నాను.

"నా మోచెయ్యి నీకెట్లా తెలుసు బావా?"

నిజమే, తెలియదు. అంతలో గేటు చప్పుడైంది. మస్తాన్, భుజాన మా మోటారు.

"వైండింగు చేసినానన్నా. పొద్దున వస్తే ఇంట్లో ఎవురూ లేరు. కెమెరా ముందర నిలబడి మోటారు చూపించి, చెయ్యి ఊపి మరీ తీసుకపోయినా. రికార్డవతాదిలే అని."

నేను టీవీ కట్టేసి, "క్లౌడ్ పెట్టించి ఉంటే ఈ గొడవ..." అన్నాను.

"ఆకాశంలో దాచినా ఆ బొట్టే గదా ఉండేది" అంది సుజాత.

రమేష్‌ను చేతులు పట్టుకుని బతిమాలాను. "నోటితో చెప్తే చాలదు, రికార్డు ఉండాల" అన్నాడు. మా కెమెరాలకు బొమ్మే తప్ప మాట రాదు. కాబట్టి తువ్వాలుతో అద్దం తుడిచి, దాని ముందు నిలబడి, చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీశాను. రమేష్ నవ్వేశాడు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు సుజాత మస్తాన్‌ను అడిగింది. "భాయ్, పెట్టెలో ఉండేది కొన్నాళ్ళకి చెరిగిపోతాది గదా?"

"పోతాదక్కా."

"అట్లయితే ఇదొక్కటి క్లౌడ్‌లో పెట్టు. అద్దె నేను కడతా."

ఇప్పటికీ చుట్టాల ఇంట్లో ఏ పెళ్ళయినా, నా గుంజీళ్ళు ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతూనే ఉంటాయి. అందుకని గంధం గిన్నె మీద ఒట్టేసి చెబుతున్నాను. కెమెరా అద్దానికి ఇక ఈ జన్మలో బొట్టు పెట్టను. మా బామ్మర్దిని మాత్రం ప్రతి దసరాకూ బొట్టు పెట్టి మరీ పిలుచుకుంటాను.